ఆగు అనని పెట్టె

కోటయ్య కూతురు కుమారి చేసిన పెట్టె గురించి బందరు రేవులో ఎవడికి తోచింది వాడు చెబుతున్నాడు. ఆడపిల్ల బోటెక్కింది కాబట్టే అరిష్టం జరిగిందన్నవాడున్నాడు. కంప్యూటర్ చదువులు చదివిస్తే ఇలాగే తగలడతారన్నవాడున్నాడు. వింటుంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ పిల్ల ఆ పని చేసింది నా షాపులో, నా కళ్ళముందు. ఎక్కడ తప్పు జరిగిందో నాకు తెలుసు. చెబుతాను.

నా పేరు శ్రీహరి. గిలకలదిండి రేవుకి వెళ్ళే రోడ్డులో జిరాక్సు, నెట్ సెంటరు నాది. ఆధార్ కార్డులు, బోటు లైసెన్సులు, పిల్లల హాల్ టికెట్లు, ఇవే నా బతుకు. కోటయ్య రోజూ వేట నుంచి వచ్చాక నా షాపు ముందు బెంచీ మీద కూర్చుని టీ తాగేవాడు. నన్ను బావా అంటాడు, నేనూ బావా అంటాను. చుట్టరికం ఏమీ లేదు. అలా అలవాటైపోయింది.

కోటయ్య మర బోటు సరంగు. సరంగంటే బోటు నడిపేవాడు. ఓనరు పూర్ణచంద్రరావు గారు గుడివాడలో ఉంటారు. రైసు మిల్లు, చేపల చెరువులు అన్నీ అయ్యాక ఆయనకి సముద్రం మీద మనసు పోయి నాలుగు బోట్లు కొన్నారు. బోటు కాగితాల మీద పేరు ఆయనదే. రేవు దాటాక మాత్రం మాట సరంగుదే. కోటయ్య పుట్టింది దివిసీమలో, నాగాయలంక అవతల ఏటి ఒడ్డున. మాటలకంటే ముందు తెడ్డు పట్టాడని వాళ్ళమ్మ అనేదట. బోటు తప్ప ఇంకో పని రాదు, ఇంకో పని అక్కర్లేదు కూడా ఆయనకి.

కిందటి చలికాలంలో కుమారి ఏవో ఆస్పత్రి కాగితాలు జిరాక్సుకి తెచ్చి, నేను మిషను మూత ఎత్తేలోపే ఏడ్చేసింది. కోటయ్య కళ్ళకి నీటికాసులు. ఎడమ కన్ను దాదాపు పోయింది. పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నది కాపాడుకోండి అని డాక్టరు చెప్పాడు. ఎడమ పక్క నుంచి మనిషి వచ్చినా ఆయనకి తెలియడం లేదు. ఇంట్లో వాళ్ళు కాక ఈ సంగతి తెలిసింది నాకొక్కడికే.

"బోటు దిగమని చెప్పు మావయ్యా, నా మాట వినడం లేదు" అంది.

సాయంత్రం చెప్పాను. కోటయ్య టీ గ్లాసు కింద పెట్టేశాడు.

"దిగి ఏం చెయ్యమంటావ్ బావా? ముసలాళ్ళతో కూర్చుని వలలు కుట్టనా? నన్ను బోటు దింపడం కన్నా గోతిలో దింపడం నయం."

ఆయన బతుకంతా ఆ ఒక్క మాటలో ఉంది. సరంగుగా ఉంటే కోటయ్య ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. కుమారి పెట్టె మొదలుపెట్టింది దీనికోసమే. ఇంకే గొప్ప ఆశయమూ లేదు.

మన రేవు సంగతి తెలియనివాళ్ళకి ఒక మాట. ఇక్కడి నుంచి బోటు సముద్రంలోకి పోవాలంటే మొగ దాటాలి. మొగంటే ఏరు సముద్రంలో కలిసే చోటు. అక్కడ ఇసుక మేట వేస్తుంది. నిన్న ఉన్న దారి ఇవాళ ఉండదు. పోటు మీద నీళ్ళు లేచినప్పుడు, నీటి రంగు చూసి, అల ఎక్కడ విరుగుతోందో చూసి, సరంగు బోటుని మలుపుకుంటూ పోతాడు. దానికి కావలసింది చూపు. కోటయ్యకి సగమే ఉంది. గాలి పడి సముద్రం కలతపడితే ఆ సగమూ చాలదు.

కుమారి గుడివాడ రోడ్డులో ఇంజనీరింగు చదివి, విజయవాడలో ఒక చిన్న కంపెనీలో చేసింది. ఆ కంపెనీ మూతపడితే ఇంటికొచ్చేసింది. వాళ్ళమ్మ సత్యవతమ్మ ఎండు చేపల గంప దించుకుంటూ "చదివింది చాలు, ఏదో ఒకటి చూసి చేరు" అని రోజూ గొణిగేది. ఈ పిల్ల చేరలేదు. బోట్ల మీద లోతు చూసే మిషను ఎలాగూ ఉంటుంది. దానికి అరచేతంత బోర్డు ఒకటి తగిలించి, ఉప్పునీళ్ళు పడకుండా ఊరగాయ డబ్బాలో పెట్టి, చిన్న స్పీకరు బిగించింది. లోతు తగ్గగానే అది పైకి చెబుతుంది, ఎటు తిప్పాలో చెబుతుంది. ముందు వెళ్ళిన బోటు చూసిన లోతు నా షాపులోని కంప్యూటరుకి వచ్చి, వెనక వచ్చే బోటుకి అందుతుంది. కోటయ్యకి ఎడమ కన్ను బదులు అన్నమాట.

"నాన్న ఒక్కడి బోటుకే పెడితే అందరికీ అనుమానం వస్తుంది మావయ్యా" అని నాలుగు బోట్లకీ పెడతానని గుడివాడ వెళ్ళి పూర్ణచంద్రరావు గారిని అడిగింది. ఆయన మంచి మనిషే. "పెట్టుకో అమ్మా. వేట నిషేధం అయ్యాక మొదటి రోజు చూద్దాం. పని చేస్తే ఉంచుదాం, లేకపోతే తీసేద్దాం" అన్నారు.

పెట్టెకి గొంతు కోటయ్యది. పరాయి ఆడగొంతు చెబితే ఏ సరంగూ వినడని కుమారికి తెలుసు. నా షాపు షట్టరు దించి, ఫ్యాను ఆపించి, కోటయ్యని ఫోను ముందు కూర్చోబెట్టి మాటలు పలికించింది. కుడికి. ఎడమకి. లోతు తగ్గుతోంది. ఆగు. పాపం ఆయన పెళ్ళిచూపుల్లో కూర్చున్నట్టు చెమటలు కక్కుతూ పలికాడు. అంతా అయ్యాక ఒక షరతు పెట్టాడు.

"మొగ దాటేటప్పుడు బోటు మీద ఎవడూ నోరెత్తడమ్మా. అది మా పద్ధతి. నీ పెట్టె కూడా అంతే. లోతు బాగుంటే నోరు మూసుకోవాలి. తగ్గితేనే మాట్లాడాలి. ఊరికే వాగే పెట్టె నాకొద్దు."

"సరే నాన్నా. మాట్లాడలేదంటే దారి బాగున్నట్టే" అంది కుమారి.

ఇప్పుడు అసలు చిక్కు చెబుతాను. నా షాపు కంప్యూటరు, కుమారి లాప్‌టాప్ ఒక జాతి చిప్పువి. బోటులో పెట్టే బోర్డు మన ఫోన్లలో ఉండే జాతి చిప్పుది. ఒక జాతికి కట్టిన ప్రోగ్రాము ఇంకో జాతి మీద ఒక్క అడుగు నడవదు. ప్రోగ్రాముని దానికి కావలసిన సామానంతటితో కలిపి మూట కడతారు. దాన్ని కంటైనర్ ఇమేజ్ అంటారట. ఇమేజ్ అనగానే నేను "కలరా, బ్లాక్ అండ్ వైటా?" అని అడిగాను. జిరాక్సు షాపువాడి బుద్ధి ఎక్కడికి పోతుంది! ఆ పిల్ల పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ ఎండాకాలంలో అది నవ్వడం నేను చూసింది అప్పుడే.

"ఒకే పేరు కింద రెండు మూటలుండాలి మావయ్యా. నీ కంప్యూటరు ఆ పేరు అడిగితే దాని మూట దానికి, బోటు బోర్డు అడిగితే దాని మూట దానికి పోవాలి. రెండూ కట్టే ప్రోగ్రాము, బిల్డరంటారు, అది పెడుతున్నా."

"నీ లాప్‌టాప్ బోటు జాతిది కాదన్నావుగా? మరి దాని మూట ఇది ఎలా కడుతుంది?"

"మధ్యలో ఎమ్యులేటరు ఉంటుంది. అవతలి చిప్పు మాటని ఇవతలి చిప్పుకి అర్థమయ్యేట్టు చెబుతుంది."

దుబాసీ అన్నమాట! వెనకటికి ఈ బందరులోనే తెల్లవాళ్ళకీ మనవాళ్ళకీ మధ్య దుబాసీలుండేవాళ్ళు. అప్పట్నుంచి మేమిద్దరం దాన్ని దుబాసీ అనే పిలిచాం. ప్రతి మాటా దుబాసీ నోటి నుంచి రావాలి కాబట్టి పని నత్తనడక. షాపు జాతి మూట నేను టీ తాగి వచ్చేలోపు అయిపోయేది. బోటు జాతి మూట పొద్దున మొదలుపెడితే ఎండ దిగేదాకా సాగేది. అదైనా తిన్నగా సాగితేనా? లాప్‌టాప్‌తో వచ్చిన బిల్డరు రెండూ కట్టలేనంది. వేరే బిల్డరు పెట్టింది. అప్పుడు శబ్దం పలికించే సామాను బోటు జాతికి దొరకలేదు. దాన్ని మొదట్నుంచీ కట్టుకోవాల్సి వచ్చింది. సగంలో కరెంటు పోయేది. నా యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. కరెంటు వచ్చి లాప్‌టాప్ లేచాక దుబాసీ ఉండడు. మళ్ళీ చేత్తో పిలవాలి, మళ్ళీ మొదట్నుంచి.

"ప్రతిసారీ నువ్వు పిలవడం ఏంటే, లాప్‌టాప్ లేవగానే వాడంతట వాడే వచ్చేట్టు చెయ్యలేవూ?" అని విసుక్కున్నాను ఒకసారి.

"చెయ్యొచ్చు మావయ్యా. ముందు ఇది నడవనీ, తర్వాత చేస్తా" అంది.

ఎండాకాలంలో సర్కారు చేపల వేట ఆపే ఆ నిషేధం రోజులు అలా గడిచాయి. బోట్లన్నీ ఒడ్డుకి లాగి రంగులేస్తున్న కాలం అది. పూజయ్యాక ఆడవాళ్ళు బోటెక్కకూడదంటారు. పూజ కాని బోటు ఉట్టి చెక్క కాబట్టి కుమారి నాలుగూ ఎక్కి పెట్టెలు బిగించింది. బోటు మీద పనిచేసే కలాసీలు మొహాలు మాడ్చుకున్నారు గానీ కోటయ్య కూతురని ఊరుకున్నారు. చివరికి ఒకరోజు రెండు మూటలూ ఒకే పేరు కింద కూర్చున్నాయి. నా కంప్యూటరు దాన్ని తెచ్చుకుంది, బోట్ల మీది పెట్టెలూ తెచ్చుకున్నాయి. చిన్న తెప్ప మీద ఒక పెట్టె పెట్టుకుని తండ్రీకూతుళ్ళు మొగ దాకా వెళ్ళొచ్చారు. తిరిగొచ్చాక కోటయ్య నా భుజం మీద కొట్టి "బావా, ఇంకో పదేళ్ళు నడుపుతా" అన్నాడు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు అన్నం సయించదు.

నిషేధం ముగిసే ముందురోజు సాయంత్రం ఆంజనేయులు వచ్చాడు. కోటయ్యకి పెదనాన్న కొడుకు, ఆ బోటు మీదే కలాసీ, పూజ చేసేది కూడా ఆయనే. రేపు పొద్దున పోటు మీద బోట్లు కదలాలి, మొదటి బోటు కోటయ్యది. వచ్చీ రావడంతోనే అందుకున్నాడు.

"ఏంటమ్మాయ్, ఇందాక పెట్టె స్విచ్చేస్తే ఆగు అని అరిచింది? రేపు బయల్దేరుతున్న బోటు మీద ఆ మాట వినపడిందంటే ఒక్కడు కూడా ఉండడు, దిగిపోతారు. వెనక నుంచి పిలవడమే తప్పు. నీ పెట్టె ఎదురుగా నిలబడి ఆగమంటుందా?"

నాకు నవ్వొచ్చింది, కోటయ్యకి రాలేదు. "అన్న చెప్పింది నిజమేనమ్మా. మేం ఆ మాట అనం. ఆపాల్సొస్తే నెమ్మదమ్మా అంటాం. అదే పెట్టు" అన్నాడు. బోటు కూడా ఆడదే కదా ఆయనకి. మళ్ళీ షట్టరు దించాం. కోటయ్య ఈసారి చెమటలు కక్కలేదు. "నెమ్మదమ్మా, నెమ్మది" అని ఎంత ముద్దుగా అన్నాడో! పసిపిల్లని నడిపిస్తున్నట్టు అన్నాడు.

మారింది ఒక్క మాటే. అయినా మూటలు రెండూ మళ్ళీ కట్టాల్సిందే. బిల్డరుకి అప్పగించి, పొద్దున్నకి అయిపోతుందని లాప్‌టాప్ నా షాపులో వదిలి వెళ్ళింది.

రాత్రి గాలి పట్టింది. తెల్లవారి నేను షట్టరు ఎత్తేసరికి కుమారి గుమ్మంలోనే ఉంది. లోపల లాప్‌టాప్ చచ్చి పడుంది. కరెంటు ఎప్పుడు పోయిందో, ఎప్పుడొచ్చిందో ఆ కరెంటాఫీసు వాళ్ళకే తెలియాలి. లేపి చూస్తే పని మూడొంతులు కూడా కాలేదు. దుబాసీ లేడు. పిలుద్దామంటే నెట్ నత్తలా పాకుతోంది. అవతల రేవులో డప్పులు మొదలయ్యాయి. బోటు జాతి మూట మొదట్నుంచి కట్టాలంటే సాయంత్రమే.

"పాత మూటే ఉండనియ్యవే" అన్నాను.

"అది ఆగు అంటుంది మావయ్యా. ఆంజనేయులు పెదనాన్న పీకి అవతల పారేస్తాడు. నాన్న కళ్ళు లేకుండా పోవాల్సొస్తుంది."

అప్పుడు చేసింది ఆ పని. కొత్త బిల్డరుని పక్కనబెట్టి, మామూలుగా కట్టే పద్ధతిలో కట్టేసింది. మారింది గొంతు ఒక్కటే కదా అనుకుంది. చిటికెలో అయిపోయింది. అదే పేరు మీద నెట్‌లోకి ఎక్కించింది. నా కంప్యూటరు దాన్ని తెచ్చుకుని "నెమ్మదమ్మా, నెమ్మది" అంది. ఇద్దరం అమ్మయ్య అనుకున్నాం. నేను టీ చెప్పాను.

తప్పు ఎక్కడుందో మీకు అర్థమయ్యే ఉంటుంది. మామూలు పద్ధతిలో కడితే వచ్చేది లాప్‌టాప్ జాతి మూట ఒక్కటే. అదే పేరు మీద ఎక్కించేసరికి ఆ పేరు కింద ఉన్న రెండు మూటలూ పోయి, ఈ ఒక్కటే మిగిలింది. మేం పరీక్ష చేసింది నా కంప్యూటరు మీద. అదీ లాప్‌టాప్ జాతే, పలక్కేం చేస్తుంది? బోట్ల మీది పెట్టెలకి స్విచ్చి వెయ్యగానే కొత్తదొచ్చిందని తెచ్చుకుంటాయి, చోటు చాలదని పాతది తీసేస్తాయి. తెచ్చుకున్నది వాటి జాతిది కాదు. ఇంకేముంది, మూగవైపోతాయి. ఈ సంగతి కుమారికి తెలియక కాదు. ఆ డప్పుల చప్పుడులో, ఆ కంగారులో తోచలేదు.

టీ ఇంకా సగం ఉండగానే నా కంప్యూటరు మీద ఎర్ర గీతలు మొదలయ్యాయి. కోటయ్య బోటు పెట్టె లేస్తోంది, పడిపోతోంది, మళ్ళీ లేస్తోంది, పడిపోతోంది. కుమారి తెర మీదికి వంగింది.

"మావయ్యా, అది నాన్న బోటుది కాదు. ఆ మూట నాన్న బోటుది కాదు" అంది.

సంచిలో పాత మూట ఉన్న మెమరీ కార్డు ఒకటి దాచి ఉంచుకుంది. అది పట్టుకుని పరిగెత్తింది. నేనూ వెనకాల పడ్డాను. ఆ కార్డుంటే పెట్టె నెట్‌లో కొత్తది వెతకదు. కార్డు మార్చి స్విచ్చి వెయ్యడమే, నిమిషాల పని.

జెట్టీ మీద జనం కిటకిటలాడుతున్నారు. కొబ్బరికాయలు కొట్టేశారు. బోటు ముక్కుకి పసుపు, కుంకుమ, నిమ్మకాయల దండ. తాడు విప్పేశారు. బోటు ఇంకా జెట్టీకి ఆనుకునే ఉంది, ఒక్క అంగలో ఎక్కెయ్యొచ్చు. చుక్కాని గదిలో కోటయ్య కొత్త తువ్వాలు చుట్టుకుని నిలబడ్డాడు. పెట్టె చెడిందని చెప్పే ఎర్ర దీపం జెట్టీ మీదికి కూడా కనపడుతోంది. ఆయనకి కనపడదు. పెట్టె బిగించింది ఎడమ పక్కనే.

కుమారి కాలు ఎత్తింది. ఆంజనేయులు గడకర్ర అడ్డం పెట్టాడు.

"పూజైంది అమ్మాయ్, ఎక్కకూడదు!"

"పెదనాన్నా, ఇది నాన్నకివ్వు. ఇప్పుడే ఇవ్వాలి" అని కార్డు చాపింది.

"వచ్చాక ఇద్దువుగానీలే, జరుగు జరుగు" అని గడకర్రతో జెట్టీని నెట్టాడు. బోటు కదిలింది. పెట్టె చెడిపోయిందని చెప్పు కుమారీ, అని నేను అంటున్నాను. నా మాట డప్పుల్లో నాకే వినపడలేదు. ఫోన్ చేసింది. ఆ ఇంజను మోతలో ఫోను ఎవడెత్తుతాడు?

ఇంకా పెద్ద దూరం పోలేదు. గట్టిగా "నాన్నా, ఆగు" అంటే వినపడే దూరమే. కూతురి గొంతు ఎంత మోతలోనైనా ఆయన పోల్చుకుంటాడు. కుమారి నోరు తెరిచింది. నేను పక్కనుండి చూస్తున్నాను. ఆ మాట గొంతు దాకా వచ్చింది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి వేటకి పోయేవాణ్ణి వెనక నుంచి పిలవకూడదని విని పెరిగిన పిల్ల. ముందురోజు ఆ మాటే పెట్టెలోంచి తీసేసిన పిల్ల. నోరు మళ్ళీ మూసుకుంది. బోటు మలుపు తిరిగింది.

నా బండి మీద ఎక్కించుకుని గట్టు వెంట మొగ దాకా తీసుకెళ్ళాను. గోతుల్లో పడుతూ లేస్తూ పోయాం. దారి పొడుగునా "ఏం కాదు మావయ్యా, నాన్నకి దారి తెలుసు" అని అదే మాట అంటూనే ఉంది. మేం చేరేసరికి బోటు మొగలోకి వచ్చేసింది. రాత్రి గాలికి సముద్రం లేచి ఉంది, ఇసుక మళ్ళీ జరిగింది. ఎడమ పక్క అల తెల్లగా విరుగుతోంది, గట్టు మీద నుంచి నాలాంటివాడికే కనపడుతోంది. మేమున్నది కూడా ఆ ఎడమ గట్టు మీదే. కుమారి చున్నీ తీసి ఊపింది. అప్పుడు అరిచింది. "నాన్నా ఆగు, ఆగు నాన్నా!" అని గొంతు పగిలేలా అరిచింది. ఆ హోరులో మాకు మేమే వినపడలేదు. బోటు అదే వేగంతో వచ్చి ఇసుకలో దిగబడింది. వెనక వచ్చిన అల దాన్ని పక్కకి పడుకోబెట్టింది.

ప్రాణాలు పోలేదు. వెనక బోట్లవాళ్ళు అందరినీ లాగారు. ఒక కలాసీకి కాలు విరిగింది, కోటయ్యకి పక్కటెముకలు. సాయంత్రానికి అలలు బోటుని చెక్కలు చేసి ఒడ్డున పడేశాయి. ఆస్పత్రిలో డాక్టరు కోటయ్య కళ్ళలోకి టార్చి వేసి, అందరి ముందూ "ఈయన బోటెలా నడుపుతున్నాడయ్యా?" అని అడిగాడు. దాచిందంతా ఆ ఒక్క ప్రశ్నతో అయిపోయింది.

పూర్ణచంద్రరావు గారు పళ్ళు పట్టుకుని చూడ్డానికి వచ్చారు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "కోటయ్యా, ఇక విశ్రాంతి తీసుకో" అన్నారు. కోటయ్య మంచం మీద నుంచి లేవబోయి, లేవలేక, చేతులు జోడించాడు. నేను బయటికొచ్చేశాను. చూడలేకపోయాను.

ఇక జనం. కుమారి బోట్లు ఎక్కడం వల్లే గంగమ్మకి కోపమొచ్చిందని తేల్చేశారు. సరే, మరి పెట్టెలు పీకి పారేశారా? లేదు! ఆ వారంలోనే కుమారి అన్నీ సరి చేసింది. దుబాసీ తనంతట తను వచ్చేట్టు పెట్టింది. రెండు జాతుల మూటలూ ఉంటే తప్ప ఆ పేరు మీద ఏదీ ఎక్కకుండా కట్టడి చేసింది. ఒక బోటు బోర్డు నా బల్ల మీదే పెట్టి, దాని మీద పలికితేనే బయటికి పంపేది. మిగతా మూడు బోట్ల సరంగులు దానితో మొగ దాటి, బాగుందన్నారు. పూర్ణచంద్రరావు గారు ఉంచమన్నారు, వేరే ఓనర్లు కూడా అడిగారు. బిగించేది మాత్రం ఆంజనేయులు. కుమారి జెట్టీ మీదికి రాకూడదు. పెట్టె కావాలి, పెట్టె చేసిన పిల్ల వద్దు! ఇదేం న్యాయమో నాకర్థం కాదు. అడిగితే "నీకు తెలియదు శ్రీహరీ, ఊరుకో" అంటారు.

కోటయ్య ఇప్పుడు పొద్దున్నే నా షాపు బెంచీ మీదికి వస్తాడు. కట్టు విప్పారు గానీ మనిషి సగమయ్యాడు. వలలు కుట్టడానికి పిలిస్తే వెళ్ళలేదు. ఏ బోటు మొగలో లోతు తక్కువ చోటుకి వచ్చినా ఆ మాట నా కంప్యూటరులో కూడా పలుకుతుంది. "లోతు తగ్గుతోంది. కుడికి." ఆయన గొంతే. పలికినప్పుడల్లా ఆయన కుడిచెయ్యి కొంచెం కదులుతుంది. నేను చూడనట్టు ఊరుకుంటాను.

ఒకసారి కుమారి అడిగింది. "నాన్నా, వేరే ఎవరి గొంతైనా పెట్టనా?"

"ఉంచమ్మా. బోటు మీద నాదంటూ మిగిలింది అదొక్కటే" అన్నాడు.

మొన్న మధ్యాహ్నం వాన పడుతోంది, షాపులో ఎవరూ లేరు. కుమారి లాప్‌టాప్ ముందు కూర్చుని ఉన్నట్టుండి చెప్పేసింది. తలెత్తకుండా, తెర మీదే చూస్తూ చెప్పింది.

"నాన్నా, ఆ రోజు జెట్టీ దగ్గర ఎర్ర దీపం చూశాను. పెట్టె పలకదని నాకు తెలుసు. పిలుద్దామనుకున్నాను. వెనక నుంచి పిలవకూడదని పిలవలేదు."

కాదులేమ్మా, నీ తప్పేముంది, అని కోటయ్య అంటాడనుకున్నాను. తండ్రన్నవాడు అనాల్సింది అదే కదా. ఆయన కోప్పడనూ లేదు, ఓదార్చనూ లేదు. వాన వైపు చూస్తూ, లోతు ఎంతుందో చెప్పినట్టు చెప్పాడు.

"పెట్టె మాట్లాడలేదు కదా, దారి బాగుందనే అనుకున్నానమ్మా నేను. నువ్వు పిలవాల్సింది. పిలిస్తే ఆగేవాణ్ణి."

కుమారి తలూపింది. ఆ మాట అనకుండా ఉండాల్సింది బావా, అని నా నోటి దాకా వచ్చింది. ఆయన చెప్పింది నిజం, ఏమని కాదంటాను? కాసేపటికి ఏదో బోటు రేవుకి తిరిగొస్తూ మొగలోకి వచ్చినట్టుంది. కంప్యూటరు "నెమ్మదమ్మా, నెమ్మది" అంది. ఇద్దరూ తలెత్తలేదు. నేను లేచి స్పీకరు సౌండు తగ్గించాను.